మెమరీ కార్డు వేశాం కదా అని ధీమాగా ఉన్నారా?

2021 సంక్రాంతికి మా మామయ్య వాళ్లింటికి వెళ్లాను. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల వెళ్లే దారిలో, గోదారికి దగ్గర్లో ఉంటుంది ఆ ఊరు. ఇంకాస్త పైకి పోతే అడవి, అది దాటితే ఛత్తీస్‌గఢ్. బస్సు దిగి కాళ్లు కడుక్కున్నానో లేదో మామయ్య తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

‘‘అల్లుడూ, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, ఇదేందో చూడు. ఫొటో తీద్దామంటే జాగా లేదంటోంది.’’

చూస్తే అది 16 జీబీ ఫోన్. సగానికి సగం ఆండ్రాయిడ్, ఫోన్‌తో పాటు వచ్చిన యాప్‌లే మింగేశాయి. మిగిలినదాంట్లో వాట్సాప్ గుడ్‌మార్నింగ్ బొమ్మలు, ఒకే వీడియో నాలుగు గ్రూపుల నుంచి నాలుగుసార్లు. ఇదెంత పని అనుకున్నాను. మర్నాడు భద్రాచలం వెళ్లి 32 జీబీ మెమరీ కార్డు కొనుక్కొచ్చి వేశాను. కార్డు పెట్టగానే ఫోన్ ఓ ప్రశ్న అడిగింది. దీన్ని ‘పోర్టబుల్ స్టోరేజ్’గా వాడతారా, ‘ఇంటర్నల్ స్టోరేజ్’గా వాడతారా అని. నేను ఆలోచించకుండా రెండోది నొక్కాను. ఫోన్ స్టోరేజ్ మూడింతలైంది. మామయ్య సంబరపడ్డాడు. అత్తయ్య నా ప్లేట్లో ఇంకో రెండు అరిసెలు వేసింది.

ఆ ఖాళీ చూసుకుని మామయ్య మా అమ్మమ్మ మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాడు. 1986 వరదప్పుడు ఊరు ఊరంతా ఎట్లా కట్టుబట్టలతో బయటపడిందో, నాట్లేసేటప్పుడు ఏం పాటలు పాడేవాళ్లో, పెళ్లయి ఆ ఊరొచ్చిన రోజు ఎడ్లబండి ఎక్కడ దిగబడిందో, అన్నీ. ఏడాదికి పైగా రికార్డు చేశాడు. 2022 వేసవిలో అమ్మమ్మ పోయింది.

ఆ జులైలోనే గోదారి పొంగింది. 16వ తేదీన భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద వరద ఇదే. మామయ్య వాళ్లు చీకట్లో, వానలో పునరావాస కేంద్రానికి చేరేసరికి జేబులో ఫోన్ నానిపోయింది. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా అది మళ్లీ వెలగలేదు.

‘‘ఫోన్ పోతే పోయింది అల్లుడూ. కార్డు బాగానే ఉంది కదా. అమ్మ గొంతు అందులోనే ఉంది కదా’’ అన్నాడు మామయ్య.

ఆ కార్డును ఇంకో ఫోన్లో పెట్టాను. ‘ఈ కార్డును ఫార్మాట్ చేయాలి’ అని వచ్చింది. నాకు విషయం అర్థమైంది. మామయ్యకు చెప్పడానికే రెండు రోజులు పట్టింది.

ఆ ఒక్క బటన్‌లో ఏముంది?

ఆండ్రాయిడ్ 6.0, అంటే మార్ష్‌మాలో, 2015లో వచ్చింది. మెమరీ కార్డును ఫోన్ సొంత మెమరీలో కలిపేసుకునే వీలు దాంతోనే మొదలైంది. అంతకుముందు కార్డు పెన్‌డ్రైవ్ లాంటిదే. తీసి ఎందులో పెట్టినా తెరుచుకునేది. ఇప్పటికీ ‘పోర్టబుల్’ అని ఎంచుకుంటే అలాగే పనిచేస్తుంది.

‘ఇంటర్నల్’ అని నొక్కితే మాత్రం కథ మారిపోతుంది. ఫోన్ ముందు కార్డులో ఉన్నదంతా చెరిపేస్తుంది. ఆ తర్వాత దాంట్లో రాసే ప్రతి ఫైలునూ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే తాళం వేసి దాస్తుంది. ఆ తాళంచెవి కార్డులో ఉండదు, ఫోన్ లోపలే ఉంటుంది. కార్డును ఎవరైనా ఎత్తుకెళ్లినా అందులోవి చూడలేరు కాబట్టి అది మంచిదే. కానీ ఫోనే చచ్చిపోతే తాళంచెవి కూడా దాంతోపాటే పోయినట్టు. కార్డు చెక్కుచెదరకుండా చేతిలో ఉన్నా అందులోంచి ఒక్క ఫొటో కూడా బయటికి రాదు. ఫోన్‌ను రీసెట్ చేసినా ఇదే గతి. డేటా రికవరీ సాఫ్ట్‌వేర్లు కూడా ఇక్కడ ఏమీ చేయలేవు. ఫోన్ బోర్డు మళ్లీ ప్రాణం పోసుకుంటేనే ఏదైనా ఆశ.

ఈ సదుపాయం అన్ని ఫోన్లలో ఉండదు. ఉదాహరణకు శామ్‌సంగ్ తన గెలాక్సీ ఫోన్లలో దీన్ని ఇవ్వలేదు. మీ ఫోన్ ఆ ప్రశ్న అడిగితే మాత్రం ఒక్క క్షణం ఆగండి. ఫొటోలు, వీడియోలు, రికార్డింగులు దాచుకోవడానికే కార్డు అయితే ‘పోర్టబుల్’ ఎంచుకోండి.

ఇంకో మాట. ‘ఇంటర్నల్’ చేసిన కార్డు మీద యాప్‌లు నడిపితే ఫోన్ నెమ్మదించొచ్చు. ఫోన్ లోపలి మెమరీ వేగం వేరు, కార్డు వేగం వేరు. మామూలు కార్డు గోరంత ఉంటుంది, 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు. దాని మీద ఫోన్ మొత్తం బరువు మోపితే ఆయాసపడదా మరి?

మనవైపు కార్డు అవసరం ఎందుకు పోలేదు?

హైదరాబాద్‌లో నా కొలీగ్స్‌కు ఈ సంగతి చెబితే ‘‘ఇంకా మెమరీ కార్డులేంటి, క్లౌడ్‌లో పెట్టుకోవచ్చుగా?’’ అన్నారు. వాళ్లను ఓసారి చర్ల దాటి లోపలి ఊళ్లకు తీసుకెళ్లాలనిపించింది. చెట్టెక్కితే ఒక గీత, గుట్టెక్కితే రెండు గీతలు సిగ్నల్ వచ్చే చోట పది నిమిషాల వీడియో క్లౌడ్‌కు ఎక్కాలంటే రాత్రంతా పడుతుంది. తెల్లారి చూస్తే ‘ఫెయిల్డ్’ అని ఉంటుంది. అందుకే మనవైపు మొబైల్ షాపుల్లో కార్డుకు పాటలు, సినిమాలు ఎక్కించి ఇవ్వడం చాలాకాలం ఓ వ్యాపారంగానే నడిచింది.

క్లౌడ్ కూడా ఊరికే రాదు. గూగుల్ ఫొటోస్‌లో లెక్కలేనన్ని ఫొటోలు ఉచితంగా దాచుకునే రోజులు 2021 మే 31తో అయిపోయాయి. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ అన్నిటికీ కలిపి ఉచితంగా వచ్చేది 15 జీబీయే. వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే లెక్క.

సిగ్నల్ తక్కువైన చోట ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా ఫోన్లలో ‘హైబ్రిడ్ స్లాట్’ ఉంటుంది. అంటే రెండో సిమ్ పెట్టే చోటే కార్డు పెట్టాలి, ఏదో ఒకటే. ఊళ్లో ఒక నెట్‌వర్క్, భద్రాచలం వస్తే ఇంకో నెట్‌వర్క్ పనిచేసే వాళ్లకు రెండు సిమ్‌లు తప్పవు కదా! కొత్త ఫోన్ కొనేటప్పుడు రెండు సిమ్‌లతో పాటు కార్డుకు వేరే స్లాట్ ఉందా అని అడిగి చూసుకోండి. లేదంటే ఓటీజీ పెన్‌డ్రైవ్ తీసుకోండి. ఫోన్ చార్జింగ్ పెట్టే చోటే దాన్ని గుచ్చి ఫైళ్లు ఎక్కించుకోవచ్చు.

కొనేముందు నాలుగు మాటలు

జీబీ ఒక్కటే చూడకండి. పాత ఫోన్లు కొన్ని 32 జీబీ వరకే తీసుకుంటాయి. మీది ఎంతవరకు తీసుకుంటుందో ఫోన్ పెట్టె మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. కార్డు మీద వృత్తంలాంటి గుర్తులో 10 అని ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాయగలదని అర్థం. ఫొటోలకు, మామూలు వీడియోలకు అది చాలు. 4కే వీడియో తీసేవాళ్లు ‘యు3’ గుర్తున్నది చూసుకోవాలి. అది సెకనుకు కనీసం 30 ఎంబీ రాస్తుంది. ‘ఏ1’, ‘ఏ2’ గుర్తులు యాప్‌లు నడిపేవాళ్లకు.

64 జీబీ కార్డు కొంటే ఫోన్లో 59 చిల్లర కనిపిస్తుంది. షాపువాడు మోసం చేశాడని గొడవకు దిగకండి. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, చాలా యంత్రాలు 1024 చొప్పున లెక్కపెడతాయి. తేడా అక్కడ వస్తుంది.

అసలు మోసం వేరే ఉంది. చవగ్గా వచ్చే నకిలీ కార్డులు. లోపల నిజంగా ఉండేది 8 జీబీయో 16 జీబీయో, పైన మాత్రం 512 జీబీ అని అచ్చు వేస్తారు. ఫోన్‌కు కూడా 512 అనే చూపించేలా లోపలి ప్రోగ్రామ్ మార్చేస్తారు. నిండేదాకా బాగానే ఉంటుంది. నిండాక కొత్త ఫొటోలు పాతవాటి మీద పడతాయి, లేదా తెరుచుకోవు. కొన్న రోజే కంప్యూటర్‌కు పెట్టి ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యూ’ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షిస్తే గుట్టు బయటపడుతుంది. కంప్యూటర్ లేకపోతే పెద్ద పెద్ద వీడియోలతో కార్డు నింపి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. షాపు బిల్లు అప్పటిదాకా పారేయకండి.

32 జీబీ దాకా ఉన్న కార్డులు సాధారణంగా ‘ఫ్యాట్32’ పద్ధతిలో వస్తాయి. వాటిలో 4 జీబీ మించిన ఒక్క ఫైలు పట్టదు. పెళ్లి వీడియో కార్డుకు ఎక్కట్లేదంటే కారణం అదే కావచ్చు. 64 జీబీ, ఆపై కార్డులకు ఈ బాధ లేదు.

వేశాక ఏం చేయాలి?

కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘స్టోరేజ్ లొకేషన్’ దగ్గర ఎస్‌డీ కార్డు అని మార్చండి. ఇది చేయకపోతే కార్డు ఖాళీగానే ఉంటుంది, ఫోన్ మళ్లీ నిండిపోతుంది. వాట్సాప్‌కు వచ్చేవి మాత్రం ఫోన్లోనే పడతాయి. దాని సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’లోకి వెళ్లి, ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. అక్కడే ‘మేనేజ్ స్టోరేజ్’ నొక్కితే ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి, 5 ఎంబీ దాటినవి వరుసగా చూపిస్తుంది. నిజం చెప్పాలంటే, చాలామందికి ఈ ఒక్క పని చేస్తే కార్డు కొనే అవసరమే రాదు.

కార్డు తీయాలంటే ముందు సెట్టింగ్స్‌లో ‘అన్‌మౌంట్’ లేదా ‘ఎజెక్ట్’ నొక్కండి. ఫోన్ ఏదో రాస్తుండగా లాగేస్తే ఫైళ్లు పాడైపోతాయి. పాతబడిన కార్డును నమ్ముకోవద్దు. అందులోని మెమరీ గళ్లు ఇన్నిసార్లే రాయించుకోగలవు. ఏళ్ల తరబడి వాడకుండా డబ్బాలో పడేసినా లోపలి చార్జ్ మెల్లగా తగ్గి ఫైళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది.

అటక మీద పెడితే సరిపోతుందా?

మా అమ్మమ్మ ఏటా వానాకాలం మొదలవగానే పట్టా కాగితాలు, నాలుగు వెండి వస్తువులు ట్రంకుపెట్టెలో సర్ది అటక ఎక్కించేది. 1986లో నీళ్లు అటక దాకా వచ్చాయి. ఆ తర్వాతి ఏడాది నుంచి ట్రంకుపెట్టె అటక ఎక్కలేదు. ఖమ్మంలో ఉన్న వాళ్ల అక్క ఇంటికి చేరేది. ‘‘ఇల్లు మునిగితే అటక మునగదా?’’ అనేది అమ్మమ్మ.

ఫోన్లో ఉన్న మెమరీ కార్డు ఆ ఇంటి అటకే. జాగా పెరుగుతుంది, భద్రత పెరగదు. ఫోన్ దొంగ ఎత్తుకుపోయినా, గోదాట్లో పడినా కార్డూ దాంతోపాటే పోతుంది. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివిన నాకు ఈ ముక్క తట్టలేదు, బడి మొహం చూడని అమ్మమ్మకు ముప్ఫై ఐదేళ్ల కిందటే తెలుసు. కంప్యూటర్ వాళ్లు చెప్పే సూత్రం కూడా ఇదే. ముఖ్యమైనది మూడు ప్రతులు ఉండాలి, రెండు రకాల చోట్ల ఉండాలి, అందులో ఒకటి ఇంకో ఊళ్లో ఉండాలి.

మన ఏజెన్సీ ప్రాంతంలో ఇది ఇంకా ముఖ్యం. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క-సారలమ్మ కథలు, కోయల వంశ చరిత్రలు ఆయన నోటిమీదే ఉండేవి. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. అలాంటి పెద్దలు పాడినవి ఎవరి ఫోన్లలో ఎన్ని ఉన్నాయో! అవన్నీ ఒక్క ఫోన్లో, ఒక్క కార్డులో ఉంటే ఉన్నట్టు కాదు.

అమ్మమ్మ రికార్డింగుల్లో ఒకటి దొరికింది. 2 నిమిషాల నాటు పాట. మామయ్య ఎప్పుడో ఖమ్మంలో చదువుకుంటున్న కూతురికి వాట్సాప్‌లో పంపాడు. అది ఇంకో ఊళ్లో, ఇంకో ఫోన్లో ఉంది కాబట్టే బతికింది. ఇప్పుడది మా అందరి ఫోన్లలో ఉంది. మామయ్య కొత్త ఫోన్లో కూడా కార్డు ఉంది, ఈసారి ‘పోర్టబుల్’గా. నెలకోసారి భద్రాచలం వచ్చినప్పుడు కొత్తవన్నీ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, దాన్ని ఖమ్మం వెళ్లేవాళ్ల చేతికిస్తాడు.

ఈ ఆదివారం ఓ పది నిమిషాలు కేటాయించండి. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్’ తెరిచి, మీ కార్డు పోర్టబులా, ఇంటర్నలా చూడండి. ఇంటర్నల్ అయితే కంగారుపడి తీసేయకండి. ఫోన్ పనిచేస్తుండగానే ముఖ్యమైనవన్నీ కేబుల్‌తో కంప్యూటర్‌కో, ఓటీజీ పెన్‌డ్రైవ్‌కో కాపీ చేయండి. మళ్లీ దొరకనివి ఏవో మీకే తెలుసు. ముందు వాటిని ఇంకో ఊరికి పంపండి.