సాలీ బెరిషా: నియంతృత్వం పోయాక అల్బేనియాలో ఏం జరిగింది?

బాల్కన్ దేశాల్లో కమ్యూనిజం కూలిన తర్వాతి కథ అనగానే మనకు యుగోస్లావియా యుద్ధాలు, మిలోషెవిచ్ గుర్తుకొస్తారు. ఈ రోజు నేను ఆ పక్కనే ఉన్న చిన్న దేశం అల్బేనియా గురించి, అక్కడి నాయకుడు సాలీ బెరిషా గురించి చెబుతాను.

బెరిషా గుండె డాక్టరు. కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు కూడా. 1990 డిసెంబర్‌లో రాజధాని టిరానాలో విద్యార్థులు రోడ్డెక్కారు. ప్రభుత్వం దిగొచ్చి వేరే పార్టీలకు అనుమతి ఇచ్చింది. అలా పుట్టిన డెమొక్రటిక్ పార్టీకి ఆయన నాయకుడయ్యారు. 1992లో ఆ పార్టీ గెలిచింది, ఆయన దేశాధ్యక్షుడయ్యారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఎన్వర్ హోజా పాలనలో అక్కడి జనానికి సొంత కారు కొనుక్కునే హక్కు కూడా లేదు. పెట్టుబడి అంటే ఏంటో, అందులో నష్టం ఎలా వస్తుందో వాళ్లకెవరు చెప్పాలి? బ్యాంకులు సరిగ్గా పనిచేయడం లేదు. ఆ ఖాళీలోకి గొలుసుకట్టు స్కీములు దిగాయి. కొత్తగా చేరినవాళ్ల డబ్బు తీసి పాతవాళ్లకు వడ్డీగా ఇవ్వడం, అంతే. 1996 చివరికి కొన్ని కంపెనీలు మూడు నెలల్లో డబ్బు రెండింతలు, మూడింతలు చేస్తామన్నాయి. జనం ఇళ్లు అమ్మారు, రైతులు పశువుల్ని అమ్మారు. ఐఎంఎఫ్ లెక్క ప్రకారం జనాభాలో దాదాపు మూడింట రెండు వంతుల మంది డబ్బు పెట్టారు. కంపెనీలు కట్టాల్సిన బాకీ దేశ జీడీపీలో దాదాపు సగం!

ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు హెచ్చరించాయి. ప్రభుత్వం మాత్రం చాలాకాలం ఊరుకుంది. 1996 ఎన్నికల్లో అధికార పార్టీకి చందాలిచ్చిన కంపెనీలు కూడా వాటిలో ఉన్నాయి. నా ఉద్దేశంలో అసలు తప్పు ఇదే. సర్కారు ఏమీ అనడం లేదంటే భయం లేదనే కదా మామూలు మనిషి అనుకునేది? ఆ మౌనమే జనానికి హామీపత్రం అయింది.

1997 జనవరిలో స్కీములు కూలాయి. జనం తిరగబడ్డారు, సైన్యం ఆయుధాగారాలు లూటీ అయ్యాయి. సుమారు 2,000 మంది చనిపోయారు. ఆ గొడవల మధ్యే, మార్చి 3న, పార్లమెంటు బెరిషాను మళ్లీ అధ్యక్షుడిగా ఎన్నుకుంది! జూన్ ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడింది, జూలైలో ఆయన రాజీనామా చేశారు.

అక్కడితో అయిపోయిందా అంటే, లేదు. సోషలిస్టుల్లో చీలిక వచ్చింది, వాళ్ల మీదా అవినీతి ఆరోపణలు వచ్చాయి. 2005లో బెరిషా ప్రధానిగా తిరిగొచ్చారు. ఆయన హయాంలోనే 2009లో అల్బేనియా నాటోలో చేరింది. 2010 డిసెంబర్ నుంచి వీసా లేకుండా యూరప్ తిరిగే వీలు దొరికింది. ఇవి చిన్న విషయాలు కావు. కానీ 2011 జనవరిలో ప్రధాని కార్యాలయం ముందు కాల్పుల్లో నలుగురు నిరసనకారులు చనిపోయారు. 2013లో ఓడిపోయారు. 2021లో అవినీతి కారణం చూపి అమెరికా ఆయన రాకను నిషేధించింది. ఆ ఆరోపణల్ని ఆయన ఒప్పుకోలేదు. 2025 ఎన్నికల్లోనూ పార్టీని ఆయనే నడిపించారు, ఓడారు.

దీన్నుంచి నాకర్థమైంది ఒకటే. పాత పార్టీని దించడం సగం పనే. "ఇది ఆపండి" అని కొత్త నాయకుడి మొహం మీద చెప్పగల వ్యవస్థలు కట్టడం మిగతా సగం. అల్బేనియాలో అది వెనకబడింది. దాని ఖరీదు ఇల్లమ్ముకున్నవాడు కట్టాడు. మీరేమంటారు? ఆలోచించండి.