పసుపుపచ్చ పెట్టె

శాసనసభలో నుపన్యసించుట యొక విద్య. పక్షము కొఱకు చందా పుస్తకము చేతబట్టి గడపగడపకు దిరుగుట మఱియొక విద్య. ఈ రెండవదానిని మన పెద్దలలో ననేకులు చిన్నతనముగా దలంతురు. మే మట్లు తలంపము. 1937 ఫిబ్రవరిలో చెన్నరాజధానియందు జరిగిన యెన్నికల చరిత్రము మా పక్షమున సాక్ష్యమిచ్చుచున్నది.

నాడు వోటు అందఱి సొత్తు గాదు. శిస్తు చెల్లించువారికిని, పన్నులు గట్టువారికిని, చదువు గలవారికిని మాత్రమే యది లభించెను. దేశమంతటను వోటర్లు సుమారు 3 కోట్లు. వారిలో జమీందారుల భూములను సాగుచేయు రైతు లెందఱో కలరు. వోటు గల రైతు పోలింగుస్థలమునకు వచ్చుటయే సాహసము. కుప్పనూర్పిడులు మాని, దివాణపు మనుష్యుల కన్నుల యెదుట నడచి రావలయును గదా!

సత్యమూర్తిగారు 1934లో చెన్నపట్టణమునుండి కేంద్ర శాసనసభకు నెన్నికైనవారు. ఢిల్లీలో ప్రభుత్వమును ప్రశ్నలతో వేధించుటయందు ఆయనకు సాటివారు తక్కువ. అంతటి కీర్తితో తృప్తిపడి కూర్చుండక, ఊరూరు దిరిగి పసుపుపచ్చ పెట్టెకు వోట్లడిగెను. అక్షరము రానివారికై నాడు పెట్టెలకు రంగులు వేసిరి, కాంగ్రెసుది పసుపు. ఆ రంగు తగులుట కాంగ్రెసువారి యదృష్టమనియే మే మనుకొందుము. పసుపు నెఱుగని గృహిణి దక్షిణదేశమున గలదా?

ఇక ధనము. ధరావతు, అచ్చుకూలి, మోటారు బాడుగ మాటలతో దీరునవి గావు. ఎదుటిపక్షమున సంస్థానములుండగా కాంగ్రెసునకు నాలుగణాల సభ్యత్వపు చందా యుండెను. 1921లో బెజవాడ సభ కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధికి నిర్ణయించి, కొన్ని నెలలలోనే దానిని నెరవేర్చిన యనుభవము నుండెను. అయినను నిజమును దాచరాదు. 1937 నాటికి వల్లభభాయి పటేలుగారు వర్తకప్రముఖుల యొద్దనుండియు ఎన్నికల నిధిని గూర్చిరి. గొప్ప మొత్త మిచ్చిన దాత తలుపు తట్టినపుడు మంత్రి యెట్లు వలదనును? ఈ ప్రశ్న నాడు పుట్టినది, నేటికిని దీఱలేదు. నాలుగణాలిచ్చినవాని విషయము వేఱు. వానికి బహుశః వోటే లేదు. ఇచ్చిన నాలుగణాల మమకారముచే పొరుగింటి వోటరును లేవదీసి పంపువాడు మాత్రము వాడే. మా యభిప్రాయమున చిన్నచందా యొక్క నిజమైన విలువ యిదియే. లెక్కపుస్తకమున నిది కానరాదు.

మన బొబ్బిలిని జూడుడు. కేంద్ర శాసనసభ్యులే యైన వి. వి. గిరిగారు అచట ప్రధానమంత్రిపదవి వహించిన బొబ్బిలి రాజాగారితో తలపడి గెలిచిరి. తన సంస్థానపు గడ్డమీదనే రాజు నోడించుట వట్టి యుపన్యాసముల వలన నగునా? రాజధాని మొత్తముమీద 215 స్థానములలో 159 కాంగ్రెసునకు వచ్చెను.

అంత వోటును దెచ్చినవారిలో నొకరైన సత్యమూర్తిగారికి దక్కినదేమి? విశ్వవిద్యాలయ స్థానమునకు తాను నిలువదలచియు, రాజగోపాలాచారిగారి కొఱకు తొలగెను. 1937 జులైలో ఏర్పడిన మంత్రివర్గమున ఆయన పేరు లేదు. పక్షమునకు ముఖ్యమంత్రిని నిర్ణయించు హక్కు గలదు, కాదనము. కాని వోటర్లను దెచ్చినవానిని గెలిచిన మఱునాడే మఱచుట రాజనీతి యనిన మేము సమ్మతింపజాలము. ఆయన మాత్రము పక్షమును విడువలేదు. మరల ఢిల్లీ సభలో దన పని చేసికొనుచు, 1939లో చెన్నపట్టణపు మేయరై, నగరమునకు నీరు దెచ్చు పూండి జలాశయమునకు పూనుకొనెను. 1944లో అది పూర్తియగునప్పటికి ఆయన గతించి యేడాది దాటినది.