భితర్‌కనికాలో బస: మే నెలలో ప్రవేశం ఎందుకు లేదు?

ఒడిశాలోని కేంద్రాపడా జిల్లా తీరాన బ్రాహ్మణీ, వైతరణీ నదులు సముద్రమును చేరు చోట భితర్‌కనికా మడ అడవులు విస్తరించి ఉన్నవి. 1998లో జాతీయ ఉద్యానవనమైన ఈ అడవిలో పడవ విహారము, పక్షుల వీక్షణము, దాంగమల్ వంటి చోట్ల అటవీశాఖ శిబిరాలలో రాత్రి బస సందర్శకులను ఆకర్షిస్తున్నవి.

అయితే పిల్లలకు సెలవులిచ్చే మే నెలలోనే ఉద్యానవనము మూతపడుతుంది. ఏటా మే 1 నుండి జులై 31 వరకు ప్రవేశము లేదు. అది ఉప్పునీటి మొసళ్ళు ఆకులు, మట్టి పోగుచేసి గుడ్లు పెట్టు కాలము. గూటిని కాచుకొను తల్లి మొసలి దరిచేరినవారిపై తిరగబడుతుంది. మనుషుల అలజడి గుడ్లకూ చేటే.

కనుక కుటుంబముతో వెళ్ళువారికి నవంబరు, డిసెంబరు నెలలు అనుకూలము. జనవరిలో మొసళ్ళ లెక్కింపు జరుగు కొద్దిరోజులు కూడ ప్రవేశము నిలిపివేస్తారు, ముందుగా విచారించుకొనవలెను. బస చేయువారు పిల్లలను కాలువ గట్టుకు పోనీయరాదు. పడవలోనుండి నీటిలో చేయి పెట్టనీయరాదు.