ఇంటి వైఫైకి అలిపిరి తనిఖీ

అలిపిరిలో కొండెక్కే ప్రతి బండినీ ఆపి సామాను చూస్తారు. మా ఇంటి వైఫైలో పై-హోల్ మాత్రం పేరు ఒక్కటే చూస్తుంది. సైటు తెరిచే ముందు ఫోను దాని ఐపీ అడుగుతుంది కదా, ఆ పేరు యాడ్ల జాబితాలో ఉంటే 0.0.0.0 అని చెప్పి పంపేస్తుంది. దర్శనం టికెట్ల కోసం వెతికే మా చుట్టాలు పైనున్న స్పాన్సర్డ్ లింకు నొక్కినా చాలావరకు తెరుచుకోదు. నకిలీ సైట్ల గురించి టీటీడీ ఎన్నిసార్లు హెచ్చరించిందో! (యూట్యూబ్ యాడ్లు వీడియో వచ్చే పేర్లతోనే వస్తాయి, వాటిని ఇది ఆపలేదు.)

దీన్ని డాకర్ కంటైనర్‌లో నడుపుతున్నా. పోర్టు 53, అప్‌స్ట్రీమ్ డీఎన్ఎస్, వాల్యూమ్ అన్నీ ఒకే కంపోజ్ ఫైల్లో రాశాను. ఆరో వెర్షన్‌లో, అందులో రాసిన సెట్టింగును వెబ్ పేజీ నుంచి మార్చలేం. తమ్ముడు గెలికినా భయం లేదు. ల్యాప్‌టాప్ పోయినా ఆ ఫైలూ, వాల్యూమ్ కాపీ ఉంటే ఇంకోదాంట్లో లేపొచ్చు. ఉబుంటులో 53ని సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ ముందే పట్టుకుని కూర్చుంటుంది, దాన్ని ఖాళీ చేయించండి. తర్వాత రౌటర్ డీహెచ్‌సీపీలో డీఎన్ఎస్‌గా ల్యాప్‌టాప్ ఐపీ ఇవ్వాలి. మొబైల్ డేటా ఆన్ చేశారా, ఈ కాపలా ఉండదు.