చైనీయ పదం ‘యౌయీ’: అర్థం, ప్రయోగం, అనువాదం

1. ఉపోద్ఘాతం:

చైనీయభాషలో స్నేహార్థంలో బహుళంగా వాడే పదం ‘యౌయీ’. దీనిని తెలుగులో ‘స్నేహం’ అని అనువదించడం సులభమే. అయితే అన్ని సందర్భాలలోనూ ఆ మాట మూలార్థాన్ని అందించగలదా అన్నది పరిశీలించవలసిన అంశం.

2. పదనిర్మాణం:

ఇది రెండు లిపిసంకేతాల కలయిక. ‘యౌ’ అంటే మిత్రుడు. అతిప్రాచీనమైన ఎముకల శాసనాలలో ఈ సంకేతం పక్కపక్కనే ఉన్న రెండు చేతుల రూపంలో కనిపిస్తుంది. ‘యీ’ సంకేతంలో ఎడమభాగం వాక్కును సూచిస్తుంది. కుడిభాగం ఉచ్చారణతో పాటు ఔచిత్యార్థాన్నీ ఇస్తుంది. క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ కూర్చిన ‘ష్వోవెన్ జియెజి’ నిఘంటువు దీనిని మనుషులకు తగిన నడవడిగా వివరించింది. కాబట్టి వ్యుత్పత్తిని బట్టి ‘యౌయీ’ అనురాగం మాత్రమే కాదు, మిత్రధర్మం కూడా. మెన్సియస్ పేర్కొన్న ఐదు మానవసంబంధాలలో మిత్రులకు విశ్వాసమే ధర్మం కావడం ఈ సందర్భంలో గమనార్హం.

3. ప్రయోగభేదాలు:

‘ఫంగ్‌యౌ’ మిత్రుడనే వ్యక్తిని చెబుతుంది. ‘యౌచింగ్’ వ్యక్తుల మధ్య ఉండే ఆత్మీయతను చెబుతుంది. ‘యౌహావ్’ విశేషణం. ‘యౌయీ’ భావనామం కనుక ‘చాలా’ అనే అర్థమిచ్చే ‘హెన్’ దీనికి ముందు చేరదు. ‘హెన్ యౌహావ్’ సాధువు, ‘హెన్ యౌయీ’ అసాధువు. నెలకొల్పడం, పెంపొందించడం వంటి క్రియలతో ‘యౌయీ’ ఎక్కువగా కనిపిస్తుంది.

వ్యక్తుల విషయంలోనూ ఈ పదం చెల్లుతుంది. అయినా ప్రజాజీవితంలో దీని వ్యాప్తి విశేషమైనది. 1971 నాటి టేబుల్ టెన్నిస్ దౌత్యకాలంలో పోటీ కన్నా ‘యౌయీ’ ముందన్న నినాదం ప్రసిద్ధం. వియత్నాం సరిహద్దులోని ప్రాచీన కనుమద్వారానికి 1965లో ‘యౌయీ గ్వాన్’ అని పేరు పెట్టారు. 1979లో ఆ రెండు దేశాల మధ్య యుద్ధం జరిగింది. ద్వారం పేరు మాత్రం మారలేదు. రాజకీయ వ్యవహారంలో ఈ పదం ఉన్న అనుబంధాన్ని కాక, ఉండవలసిన సంబంధాన్ని ప్రకటించగలదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

4. తెలుగు అనువాదం:

‘స్నేహం’ సంస్కృత ‘స్నిహ్’ ధాతుజన్యం. నూనె, జిడ్డు, ప్రేమ అనే అర్థాలు ఇందులో ఉన్నాయి. మనసులు అంటుకొని ఉండడాన్ని చెప్పే ఈ మాట ‘యౌచింగ్’కు సన్నిహితం. ‘మిత్ర’ శబ్దం నుండి ఏర్పడిన ‘మైత్రి’ దేశాల సంబంధాలను చెప్పడానికి తెలుగులో ఇప్పటికే స్థిరపడింది. ఒప్పందాలలోని ‘యౌయీ’ని ‘స్నేహం’ అంటే మూలంలో లేని ఆత్మీయత వచ్చి చేరుతుంది. సొంత ఉత్తరంలోని ‘యౌయీ’ని ‘మైత్రి’ అంటే మూలంలో లేని దూరం ఏర్పడుతుంది.

5. ముగింపు:

నిఘంటువు ‘యౌయీ’కి సమానార్థకాలను సూచించగలదు గాని వాటిలో తగినదాన్ని నిర్ణయించలేదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో పలికారన్నదే అందుకు ప్రమాణం.