తెరమీది ఒంటరి తల్లి

అమెరికా చలనచిత్రములలో నల్లజాతి ఒంటరి తల్లి చిరకాలము మూడు మూసలలో పోతపోయబడినది. పరుల యింట ప్రేమతో ఊడిగము చేయు దాసి మొదటిది. మగవానిని ఇంట నిలువనీయని గయ్యాళి రెండవది. బిడ్డలను చూపి ప్రభుత్వభృతిపై బ్రదుకు సోమరి మూడవది.

మూస కేవలము అసత్యము కానక్కరలేదు. అట్టి తల్లులు లోకమున లేరని ఎవరును అనరు. గుణమునో దోషమునో చూపి, దాని కారణమును మరుగుపరచినప్పుడే పాత్ర మూసయగును.

‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’ కథ 1934లోను, 1959లోను చిత్రముగా వెలువడినది. రెండింటను నల్లజాతి తల్లి తన కుమార్తెతో తెల్లజాతి స్త్రీ పంచన చేరి, ఆ సంసారమును నిలువబెట్టును. కడకు కన్నకూతురు కాదని వెడలిపోగా మనోవ్యథతో మరణించును. ఆమె సహనమునకు ప్రేక్షకుడు కన్నీరు కార్చును; ఆమెకు వేరొక బ్రదుకుతెరువు ఏల లేకపోయెనని అడుగడు.

1965లో, అమెరికా కార్మికశాఖలో ఉన్నతోద్యోగిగానున్న డేనియల్ పాట్రిక్ మొయినిహన్ తన నివేదికలో, నల్లజాతివారి కష్టములకు తల్లి పెత్తనముగల కుటుంబపద్ధతిని ఒక ముఖ్యకారణముగా చూపెను. కాని ఆనాడు పెక్కు రాష్ట్రములలో, తల్లికి ఒక పురుషునితో సంబంధమున్నదని తెలిసినచో బిడ్డల భృతి నిలిచిపోవుచుండెను. అలబామా రాష్ట్రపు అట్టి నియమమును 1968లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. మగవానిని గడప దాటనీయనిది నియమము. నింద మోసినది తల్లి.

ఈ సంగతిని 1974 నాటి ‘క్లాడీన్’ చిత్రము కండ్లకు కట్టినది. అందు డయాన్ కారల్ ధరించిన పాత్ర హార్లెమ్‌లో ఆరుగురు బిడ్డల తల్లి. ఇండ్లలో పనిచేసి తెచ్చిన సంపాదనను ఆమె దాచవలెను. భృతి అధికారిణి వచ్చునప్పుడు ఇంటి సామానును దాచవలెను. తాను ప్రేమించిన పారిశుద్ధ్య కార్మికునిసైతము దాచవలెను. ఆమె అబద్ధమాడును, ఎందులకో మనకు తెలియును.

దోషములున్న తల్లిని చూపరాదని దీని భావము కాదు. 2016 నాటి ‘మూన్‌లైట్’లోని తల్లి మత్తుమందునకు లోబడి కుమారుని బాధించును, ఏండ్లు గడచిన పిదప అతనియెదుట తన తప్పు ఒప్పుకొనును. ఆమె నేరమును చిత్రము మాపలేదు; ఆమె మనస్సును మాత్రము మనకు తెరచి చూపినది.

మూసను తప్పింపదలచి తల్లిని సద్గుణరాశిగా తీర్చు రచయిత, ఎరుగకయే మొదటి మూసకు మరలిపోవును. ఆమె ఏమి చేసినదో వ్రాయుటకు ముందు, ఆమె ముందు ఎన్ని దారులు తెరచియుండెనో విచారించుట మేలు.