పాడే పిల్లలను పట్టించుకొంటున్నామా?



అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో క్రిస్మస్‌కు ముందు మన మందిరాలలో పిల్లలు హార్మోనియం చుట్టూ చేరి పాటలు నేర్చుకొంటారు. వారి పాట విని సంతోషిస్తాము. కాని వారి చదువు సంగతి ఎప్పుడైనా అడిగామా?

లండనులో ఒక స్త్రీ అడిగింది. అక్కడి సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆరాధనలో పాడే బాలుర కొరకు 12వ శతాబ్దంలోనే పాఠశాల ఆరంభమైంది. వారి పోషణకు, చదువుకు పూర్వీకులు ఆస్తులు రాసియిచ్చారు. అయితే కాలక్రమేణా ఆస్తులు నిలిచాయి, బాధ్యత మరుగునపడింది. 19వ శతాబ్దపు ఆరంభానికి ఆ బాలురకు సరియైన చదువు లేదు. రాత్రి కచేరీలలో పాడడానికి కూడా వారిని పంపేవారు.

మరియా హాకెట్ అనే ఆమె బంధువుల బిడ్డ, తల్లిదండ్రులు లేనివాడు, ఆ క్వయర్‌లో ఉండేవాడు. వాని స్థితి చూచి ఆమె 1811 మొదలు కెథడ్రల్ అధికారులకు ఉత్తరాలు రాసింది. వారు పెడచెవిని పెట్టినా మానలేదు. పాత దస్తావేజులు వెదకి, బాలురకు రావలసినదేమిటో చూపించింది. ఇతర కెథడ్రల్‌లకు కూడా వెళ్లి, అక్కడ పాడే పిల్లలకు పుస్తకాలు, కొత్త షిల్లింగు నాణెములు ఇచ్చేది. 1874లో ఆమె కన్నుమూసింది. ఆ రోజుల్లోనే సెయింట్ పాల్స్ బాలురకు వసతితో కూడిన కొత్త పాఠశాల భవనం లేచింది. ఆ పాఠశాల నేటికీ నడుస్తున్నది.

ప్రియులారా, బిడ్డ గొంతు మనకు కావాలి, బిడ్డ వద్దా? ఈ ఆదివారం మీ సంఘంలో పాడే ఒక బిడ్డను పిలిచి అడగండి: బడికి వెళ్తున్నావా? పుస్తకాలున్నాయా? రాత్రి ప్రాక్టీసు అయ్యాక ఇంటివరకు ఎవరు తోడు వస్తున్నారు?

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.